ఇరవై ఏడో నంబరు గౌను

"విన్నావా ఆయమ్మా? మన పిచ్చుకని ఈసారి నిజంగానే తీసుకెళ్ళిపోతారట! దర్జీ ఆయనా, ఆయన భార్యా వచ్చి ముందు గదిలో కూర్చున్నారు. కాగితాలన్నీ కోర్టులో అయిపోయాయట. ఇంక పిల్ల నోటితో ఊఁ అనడమే తరువాయి!"

వంటామె ఆ మాట గుమ్మంలోంచే అనేసి, గరిటె ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడకేం! నోట్లో మాట దాచుకుంటే కడుపు ఉబ్బిపోతుంది. ఉతికే తొట్టి ముందు నిలబడ్డ మనిషి చేతులు మాత్రం సబ్బు నీళ్ళలోనే ఉండిపోయాయి. తొట్టిలో అరవై మంది ఆడపిల్లల దుప్పట్లు నానుతున్నాయి. ఆమె వేళ్ళు ఆ గుడ్డల మధ్య దేన్నో గట్టిగా పట్టుకున్నాయి... దేన్నో ఆమెకే తెలియదు!

సిస్టర్లు నడిపే ఆ అనాథ బాలికల ఇంట్లో ఆమెకు పేరంటూ లేదు. పిల్లలు చాటుగా 'గంజి ఆయమ్మ' అంటారు. గంజి పెట్టి ఆరేసిన గుడ్డలా ఎప్పుడూ బిగుసుకుని ఉంటుందని. నవ్వదు, ముద్దు చెయ్యదు. మురికి కాలర్ కనిపిస్తే చాలు, ఆ పిల్ల పని పట్టేస్తుంది. అందరినీ కసురుతుంది గానీ, పిచ్చుక మీద మాత్రం ఆమెకు ప్రత్యేకమైన కక్ష! ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. పన్నెండేళ్ళ పిల్ల, బక్కపలచగా, కిచకిచమంటూ తిరుగుతుంది. ఆ పిల్లను చూస్తే వంటామె కూడా గిన్నె అడుగున మిగిల్చిన తీపి తీసి పెడుతుంది. ఈ మహాతల్లికి మాత్రం ఆ పిల్ల ఎదురొస్తే చాలు, మొహం మాడిపోతుంది.

ఎందుకో ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషికీ ఇప్పుడు మతి లేదు.

చెప్తాను వినండి. పిచ్చుక ఆమె కన్న కూతురు!

పదేళ్ళ కిందటి మాట. భర్త కార్ఖానాలో యంత్రం కింద పడి చనిపోయాడు. బావగారు వారం తిరక్కుండా సామానంతా వీధిలో పెట్టించాడు. రెండేళ్ళ పిల్లను భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగితే, "నువ్వైతే రా, పిల్ల వద్దు" అన్నవాళ్ళే అందరూ! పిల్లకు జ్వరం. హోరున వాన. ఆ మధ్యాహ్నం ఈ ఇంటి గేటు పట్టుకుని కూలబడిపోయింది. అప్పుడు ఇంటికి పెద్దగా ఉన్న సిస్టర్ గొడుగు వేసుకుని బయటికొచ్చి, పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి నిట్టూర్చింది.

"అమ్మాయ్, మా ఇంటి నియమం ఒకటుంది. అమ్మా నాన్నా ఇద్దరూ లేని పిల్లలకే ఇక్కడ మంచం. తల్లి ఉన్న పిల్లను తీసుకుంటే, ఎవరూ లేని పిల్లను గేటు బయట ఉంచినట్టే. అర్థమైందా?"

"అర్థమైందమ్మా... అయితే నేను చచ్చిపోయాననుకోండి!" అందా పిచ్చితల్లి, గేటు ఊచలకు తల కొట్టుకుంటూ.

పెద్ద సిస్టర్ గొడుగును ఆ ఇద్దరి మీదికి వంచింది. తరవాత మెల్లగా అంది. "తల్లి లేని పిల్లకి ఇక్కడ చోటుంది. బట్టలుతికే మనిషికీ చోటుంది. కాని ఒక్క మాట! ఈ గేటు లోపల నువ్వు దాని తల్లివి కావు. అది అమ్మా అని పిలిస్తే నువ్వు పలక్కూడదు. ఎవరి దగ్గర నోరు జారినా ఇద్దరికీ చోటుండదు. నాక్కూడా ఉండదు."

తల్లి ఒట్టు వేసింది. రిజిస్టర్లో 'తల్లి మరణించింది' అని పెద్ద సిస్టరే రాసింది. దేవుడికి అంకితమైన మనిషి, ఆడిన అబద్ధం అదొక్కటే! పిల్ల గౌను కాలరు మీద ఎర్ర దారంతో ఇరవై ఏడు అని కుట్టమని కొత్త ఆయమ్మకే ఇచ్చింది. ఆ ఇంట్లో ప్రతి పిల్లకీ ఒక నంబరు. గౌను మీద, దుప్పటి మీద, చివరికి తువ్వాలు మీద కూడా! కన్నతల్లి తన చేత్తోనే తన బిడ్డను అనాథను చేసి, ఆ అంకె కుట్టింది.

మొదటి వారం ఆ పసిది "అమ్మా... అమ్మా..." అంటూ ఆమె ఏప్రాన్ అంచు పట్టుకుని వేలాడింది. ఆమె పలకలేదు! వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, తొట్టి వైపు తిరిగిపోయింది. రెండో వారం పిల్ల అడగడం మానేసింది. చంటిపిల్లలు మరిచిపోతారు, అదొక వరం. పెద్దవాళ్ళకి దేవుడు ఆ వరమూ ఇవ్వడు.

అయినా మొదటి రెండు మూడేళ్ళు బాగానే గడిచాయి. రోజూ చూసుకోవచ్చు, స్నానం చేయించవచ్చు, జుట్టు దువ్వవచ్చు. ఒకరోజు గౌను జేబులో ఒక మిఠాయి బిళ్ళ వేస్తుంటే వంటామె చూసేసింది! "ఏంటి ఆయమ్మా, ఈ పిల్లంటే అంత ప్రేమ! ముక్కు కూడా నీ ముక్కే దిగినట్టుందే!" అని పకపకా నవ్వింది. వంటామెకు అది వట్టి వేళాకోళం. ఈమెకు మాత్రం కాదు! ఆ క్షణాన నిశ్చయించుకుంది. అందరికంటే ఎక్కువగా ఈ పిల్లనే తిట్టాలి. ఎవరికీ అనుమానం రాకూడదు!

అంతే... అబద్ధానికి కాపలా కాయబోయి బిడ్డనే కరిచింది! పిచ్చుకకు నిద్దట్లో గౌను ఎడమ చేతి అంచు నమిలే అలవాటుంది. దిగులుగా ఉన్న రోజుల్లో మరీను. తెల్లారేసరికి అంచంతా నలిగి, తడిసి ఉండేది. దానికోసం ఆ పిల్లను పెరట్లో అందరి ముందూ నిలబెట్టి, తడిసిన గౌను చెయ్యి పైకెత్తి పట్టుకోమంది. ఏడేళ్ళప్పుడు ఒకసారి పక్క తడిపితే, ఆ దుప్పటిని మొదటి తీగ మీద, ఇరవై ఏడు అంకె అందరికీ కనపడేలా ఆరేసింది! అరవై మంది పిల్లలు చూశారు, నవ్వారు. పిచ్చుక ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆయమ్మ కూడా ముట్టలేదు, కాని అది చూసినవాళ్ళెవరు?

ఆమెకొక్కటే ఆశ. పద్దెనిమిదేళ్ళు నిండాక ప్రతి పిల్లా గేటు దాటి వెళ్ళాలి. తనూ ఆ రోజే పని మానేసి వెనకే వెళ్తుంది. గేటు దాటాక ఒట్టు లేదు, నియమం లేదు! వీధి మధ్యలోనే కాళ్ళ మీద పడి, "అమ్మా, నేనే నీ అమ్మని... నన్ను కొట్టు!" అని చెప్పేస్తుంది. ఇంకా ఆరేళ్ళు... ఆరేళ్ళే! ఇదివరకు రెండుసార్లు ఎవరో దంపతులు వచ్చి పిచ్చుకను అడిగారు. పదేళ్ళు దాటిన పిల్ల తనంతట తను ఒప్పుకుంటేనే పంపుతారు. రెండుసార్లూ పిచ్చుక, "నేను రాను, నాకిక్కడే బాగుంది" అంది. ఈసారీ అదే అంటుంది... అనదా మరి?

"ఆయమ్మా! మదర్ పిలుస్తున్నారు. ఇరవై ఏడో నంబరు బట్టలు తీసుకుని రమ్మన్నారు!" అని ఓ పిల్ల గుమ్మంలోంచి కేకేసి వెళ్ళింది.

ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంది ఆయమ్మ. ఎన్నిసార్లు తుడిచినా తడి పోలేదు.

ముందు గదిలో ఐదు కుర్చీలు, గోడకు శిలువ, బల్ల మీద కాగితాలు. పెద్ద సిస్టర్ స్థానంలో కొత్తగా వచ్చిన మదర్ మంచి మనిషే, కాని కాగితంలో ఉన్నదే ఆవిడకు లోకం. దర్జీ ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని బెదురుగా కూర్చున్నాడు. ఆయన భార్య మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతోంది. తొందరలో తీయడం మరిచిపోయినట్టుంది. పిల్లలు లేని ఆవిడ. పిచ్చుకను చూస్తూ చూస్తూ, ఆ పిల్ల భుజాల వెడల్పు కళ్ళతోనే కొలిచేస్తోంది. ఆ చూపు చూశాక ఆయమ్మకు మరీ భయం వేసింది. చెడ్డవాళ్ళైతే ఎంత బాగుండేది!

"చెప్పు పిచ్చుకా, వీళ్ళతో వెళ్తావా?" అని అడిగింది మదర్.

బట్టల మూట గుండెకు హత్తుకుని ఆయమ్మ లోలోపల వేడుకుంది... అనవే... రానని అనవే తల్లీ!

"వెళ్తాను మదర్."

"నిజంగానా? ఇదివరకు రెండుసార్లు వద్దన్నావుగా! మరిప్పుడు?"

పిచ్చుక తల దించుకుంది. ఒకసారి ఓరకంట మూట వైపు చూసి, దర్జీ భార్య కుర్చీ వెనక్కి నక్కి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అప్పుడు చిన్నదాన్ని మదర్. పెద్దయ్యేకొద్దీ తిట్లు తగ్గుతాయనుకున్నాను... అక్కడైతే గంజి ఆయమ్మ ఉండదు కదా!"

టీ కప్పులు తెచ్చిన వంటామె ఫక్కున నవ్వబోయి, మదర్ మొహం చూసి ఆపుకుంది. దర్జీ ఆయన కూడా చిన్నగా నవ్వాడు. పిల్లల మాట, ఎవరికైనా నవ్వే వస్తుంది. కాని ఆ మూట పట్టుకున్న మనిషి కాళ్ళ కింద నేల ఉందో లేదో ఎవరు చూశారు! తన చేత్తో తనే... రోజూ కొంచెం కొంచెంగా... ఇన్నేళ్ళూ బిడ్డను గేటు వైపే నెట్టుకుంటూ వచ్చిందా?

"పంపకండి మదర్!" ఆ గొంతు ఆమెదేనని ముందు ఎవరూ అనుకోలేదు. "అది నా కూతురు! నా కడుపున పుట్టిన పిల్ల! దాని తల్లి చావలేదు మదర్... నేనే దాని తల్లిని!"

చేతిలో మూట జారి నేల మీద విడిపోయింది. కాలర్ల మీద ఎర్రటి అంకెలు.

మదర్ మెల్లగా రిజిస్టర్ తిరగేసింది. వేలు పెట్టి చదివింది. "తల్లి మరణించింది అని ఉంది. పెద్ద సిస్టర్ స్వయంగా రాశారు."

"నాకోసం రాశారు! పిల్లకి మంచం దొరకాలని రాశారు! దాని ఎడమ భుజం వెనక పుట్టుమచ్చ ఉంది, చూడండి! నిద్దట్లో చేతి అంచు నములుతుంది! ముతక గుడ్డ తగిలితే మెడ మీద దద్దుర్లు లేస్తాయి..."

"స్నానాలు చేయించేది నువ్వే. బట్టలుతికేది నువ్వే. అవన్నీ నీకు తెలియక ఎవరికి తెలుస్తాయి?" అంది మదర్. ఆ గొంతులో కోపం కూడా లేదు. అదే భరించడం కష్టం!

వంటామె ఇక ఉండబట్టలేకపోయింది. "నేను చెప్తాను మదర్! నాకు నలుగురు పిల్లలు. కన్నతల్లి ఎక్కడైనా బిడ్డ పక్క తడిపితే ఆ దుప్పటి ఊరందరికీ కనపడేలా ఆరేస్తుందా? నడివీధిలో నిలబెట్టి అడగండి, ఏ తల్లైనా చేస్తుందా అని! ఈమె తల్లైతే నేను మహారాణిని!"

"పెద్ద సిస్టర్‌ని అడగండి! ఒక్కసారి అడగండి మదర్, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

అడగడం న్యాయమే కదా అని చక్రాల కుర్చీలో ఆవిడను తీసుకొచ్చారు. రెండేళ్ళుగా ఆవిడకు ముందూ వెనకా తెలియదు. ఒక్కోరోజు తన పేరే మరిచిపోతుంది. ఆయమ్మ ఆ ముడతలు పడ్డ చేతులు రెండూ పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది. "అమ్మా! నన్ను చూడండమ్మా! వానలో పిల్లనెత్తుకుని వచ్చాను... గొడుగు పట్టారు... గుర్తు తెచ్చుకోండమ్మా! నేనెవర్నో చెప్పండి!"

పెద్ద సిస్టర్ ఆమె మొహంలోకి ఎంతో దయగా చూసింది. ఆ పెదవులు కదిలాయి.

"ఈ అమ్మాయి బట్టలుతుకుతుంది. మంచి పనిమనిషి. సబ్బు అయిపోయిందేమో, ఇచ్చి పంపండి."

అంతే! పదేళ్ళ ఒట్టుకు ఉన్న ఒకే ఒక్క సాక్షి సబ్బు బిళ్ళ ఇప్పించి చేతులు దులుపుకుంది!

"అబద్ధం! అబద్ధం!" అని పిచ్చుక అరిచింది. ఆ చిన్న మొహం ఎర్రగా కందిపోయింది. "మా అమ్మ చచ్చిపోయింది! రోజూ ప్రార్థనలో మా అమ్మ కోసం అడుగుతాను. మా అమ్మ ఇలా ఉండదు! నీలా అస్సలుండదు!"

దర్జీ ఆయన టోపీ చేతిలోకి తీసుకుని లేచాడు. "మదర్, ఏమీ అనుకోకండి. ఇలాంటి గొడవలుంటే మాకు భయం. రేపు ఈమె మా ఇంటి మీదికొచ్చి పిల్ల నాదంటే..." అని నసిగాడు. ఆయన భార్య కళ్ళనిండా నీళ్ళు. అయినా భర్త మాట కాదనలేక, పిచ్చుక చేతిని మెల్లగా వదిలేసింది.

వదిలేసిన ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పిచ్చుక దాన్ని దించలేదు. మళ్ళీ పట్టుకుంటారేమోనని అలాగే చాచి నిలబడింది, నోరు తెరిచి ఏడవడం కూడా చాతకాక! ఆ చేతిని తల్లి చూసింది. పదేళ్ళ కిందట తన ఏప్రాన్ మీద నుంచి, ఒక్కో వేలూ తను విడదీసిన చెయ్యి అదే!

ఆమె లేచి నిలబడింది. మొహం మళ్ళీ గంజి పెట్టినట్టు బిగుసుకుంది.

"అబద్ధం ఆడాను మదర్."

"ఏమిటీ?"

"ఈ పిల్ల నాకేమీ కాదు. నాకు పిల్లల్లేరు. దీనికి మంచి ఇల్లు దొరుకుతోందని ఓర్వలేకపోయాను. కడుపుమంట... అంతే. వీళ్ళ ఇంటి మీదికి నేనెప్పుడూ రాను. కావాలంటే రాసిస్తాను."

రాసిచ్చింది కూడా! మదర్ కాగితం ఇచ్చింది, ఆమె సంతకం పెట్టింది. ఇంత పని చేసినదాన్ని అప్పుడే గెంటేసేవారు గాని, అరవై మంది దుప్పట్లు ఎవరుతుకుతారు? అందుకని ఉండనిచ్చారు. "ముందు ఆ పిల్లకు క్షమాపణ చెప్పు" అని మాత్రం మదర్ కచ్చితంగా అంది.

ఆయమ్మ వెళ్ళి పిచ్చుక ముందు నిలబడింది. ఎన్ని మాటలు దాచుకుందో ఆ ఆరేళ్ళ తరవాతి రోజు కోసం! ఒక్కటీ పైకి రాలేదు. "తప్పయింది... క్షమించు తల్లీ" అని మాత్రం అనగలిగింది.

"నన్ను తల్లీ అనకు!" అంది పిచ్చుక.

దర్జీ భార్య పిచ్చుక చెయ్యి మళ్ళీ పట్టుకుంది, ఈసారి రెండు చేతులతో. గేటు దాకా అందరూ వెళ్ళారు. పిల్లలు చేతులూపారు, వంటామె ముక్కు చీదుకుంది. గేటు దాటగానే పిచ్చుక పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఆయమ్మ పెరట్లో తీగల వెనక, తడి దుప్పట్ల సందులోంచి చూసింది. గేటు అవతల అన్నీ చెప్పేస్తానని అనుకుంది కదా... గేటు అవతలికి వెళ్ళింది బిడ్డ ఒక్కతే!

తొమ్మిది రోజుల తరవాత ఒక పొట్లం వచ్చింది. ఆ ఇంటి పద్ధతి అది. కొత్త బట్టలు కుట్టేదాకా రెండు జతలు ఇచ్చి పంపుతారు, వాటిని పది రోజుల్లోపు ఉతికి తిరిగి పంపాలి. తరవాత ఆ గౌన్లు ఇంకో పిల్లకు వెళ్తాయి. అప్పటికే ఒక పిల్ల కొత్తగా వచ్చి వరండాలో వెక్కుతోంది. "ఇరవై ఏడు విప్పేసి, నలభై ఒకటి కుట్టు" అని మదర్ పురమాయించింది. ఇప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడరు. పని చెప్తారు, వెళ్ళిపోతారు.

ఎండలో ముక్కాలి పీట వేసుకుని పొట్లం విప్పింది. వేరే సబ్బు వాసన. చక్కగా ఇస్త్రీ చేశారు, ఊడిన బొత్తం కూడా ఎవరో శ్రద్ధగా కుట్టారు. ఆమె రాత్రి గౌను తీసి, ఎడమ చెయ్యి తిప్పి చూసింది. మళ్ళీ చూసింది. తను పంపేముందు ఆ అంచుకు కొత్త పట్టీ వేసింది. ఆ పట్టీ వేసింది వేసినట్టే ఉంది! ఒక్క పంటి గుర్తు లేదు, ఒక్క పోగు లేవలేదు. ఇన్ని రాత్రులూ ఆ పిల్ల హాయిగా నిద్రపోయింది!

ఆ అంచును కళ్ళకద్దుకుని ఏడ్చింది పిచ్చితల్లి. సంతోషానికి ఏడ్చిందో, తన దగ్గర పదేళ్ళలో ఆ పిల్ల ఒక్క రాత్రైనా అలా పడుకోలేదని ఏడ్చిందో... ఏమని చెప్పను!

"నీ పాప అన్నం తిందా?"

ఆమె ఉలిక్కిపడి తల తిప్పింది. రోజూలాగే పెద్ద సిస్టర్‌ని ఎండ కోసం తీగల పక్కన కూర్చోబెట్టి వెళ్ళారు. ఆవిడ కళ్ళు తేటగా ఉన్నాయి, చాలా కాలానికి!

"ఏ... ఏ పాపమ్మా?"

"అదేమిటి, నిన్న వానలో తెచ్చావే, జ్వరం పిల్ల! నీ కూతురు! ఇరవై ఏడు ఇచ్చాంగా. జ్వరం తగ్గిందా?"

ఎదురుగా మదర్ గది కిటికీ తెరిచే ఉంది. మదర్ అక్కడే బల్ల దగ్గర రాసుకుంటోంది. ఒక్క కేక... ఒక్క కేక వేస్తే చాలు! అందరూ పరిగెత్తుకొస్తారు, వింటారు, నమ్ముతారు! ఆమె నోరు తెరిచింది కూడా. అంతలో ఒళ్ళో ఉన్న ఆ అంచు మీద చెయ్యి పడింది.

నోరు మూసుకుంది.

"తగ్గిందమ్మా. అన్నం తింటోంది. నిద్ర కూడా బాగా పోతోంది."

"మరింకేం! ఏడవకు. రోజూ కళ్ళారా చూసుకుంటావుగా." పెద్ద సిస్టర్ వంగి, ఏదో రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "కాని నా మాట గుర్తుందిగా? అది అమ్మా అని పిలిస్తే నువ్వు పలక్కూడదు."

ఆమె సూది తీసి, కాలరు మీది ఎర్ర దారం మొదటి ముడి విప్పింది.

"పలకనమ్మా," అంది.